చెప్పుకొనని నొప్పి: వృషణశూలయు మత్తుమందులును



గ్రంథాలయోత్సవ సభలో ప్రసంగమన్నచో భారతములోని యొక ఘట్టమో, కవిత్రయ ప్రశంసయో, గ్రంథాలయోద్యమ చరిత్రయో యుండుట ఆచారము. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసిన నాటినుండి ఈ సీమవారికి అట్టి సభలు అలవాటైనవి. నేటి విషయము వేరు. పురుషుని బీజములకు అకస్మాత్తుగా కలుగు తీవ్రమైన నొప్పి, ఆ నొప్పికి అరుదుగా కారణమగు మత్తుమందులు నేటి ప్రసంగమునకు వస్తువులు. ఈ మాట చెవిని బడగానే కొందఱు తలలు వంచుకొనుట సహజమే. ఆ తల వంచుకొనుటయే ఎందఱో బాలురకు అవయవనష్టము తెచ్చుచున్నది గనుక ముందుగా సిగ్గును గూర్చియే రెండు మాటలు చెప్పవలసియున్నది.

పూర్వులు ఈ విషయమున సిగ్గుపడలేదు. వాల్మీకి రామాయణము బాలకాండమున మిథిలాపురము చేరువను విశ్వామిత్రుడు రామలక్ష్మణులకు అహల్య కథ చెప్పెను. గౌతముని శాపమున ఇంద్రుని వృషణములు రాలిపోయినవనియు, అగ్ని మొదలగు దేవతలు పితృదేవతలను ప్రార్థింపగా వారు మేషవృషణములను తెచ్చి ఇంద్రునకు అమర్చిరనియు ఆ కథలో నున్నది. నాటినుండి ఇంద్రుడు మేషవృషణుడైనాడు. విన్నవాడు పదునాఱేండ్లు నిండని రాముడు. చెప్పినవాడు బ్రహ్మర్షి. చెప్పువానికిని వినువానికిని లేని సిగ్గు నేటి తండ్రికొడుకుల నడుమ ఎక్కడనుండి వచ్చెనో తెలియదు. సుశ్రుతుడును తన సంహితలో నిదానస్థానమున వృద్ధిరోగము నేడు విధములుగా విభజించి, ప్రతిదానికి లక్షణము చెప్పెను. అందు మూత్రవృద్ధి యనునది నేటి వరిబీజమునకును, ఆంత్రవృద్ధి యనునది ప్రేగు జారుటకును దగ్గఱగా నున్నవి. బోదకాలును ఆ యధ్యాయముననే చెప్పబడినది. ఇప్పటి పెద్దమనుషులు మాత్రము వరిబీజము బస్తాయంత యైనను పంచె మాటున దాచికొని తిరుగుదురు.

వాపు దాచికొన్నవానికి కాలము కొంత యుండును. నొప్పి దాచికొన్నవానికి ఉండదు.

ఒంగోలు జాతి కోడెలను పెంచిన సీమ యిది. కోడెకు విత్తులు కొట్టించుట యెట్టిదో ఎఱుగని రైతు లేడు. పశువైద్యుడు తెచ్చు పట్కారు తోలును కోయదు, విత్తును తాకనైన తాకదు. పైనుండి విత్తునకు దిగు త్రాటిని మాత్రము బిగించి నలుపును. ఆ త్రాటిలోనే రక్తనాళములున్నవి. రక్తము అందక విత్తు కొన్ని వారములలో ఎండి పిడచ యగును. మనుష్యునకును అట్టి త్రాడే యున్నది. పట్కారు లేకయే ఆ త్రాడు తనంతట తాను మెలిపడుట కలదు. దానిని వైద్యులు వృషణము మెలిపడుట యందురు. అందఱకును వృషణము తన తిత్తిలో వెనుకప్రక్క అతుకుకొని కదలకుండును. కొందఱకు మాత్రము పుట్టుకతోనే ఆ యతుకు చాలక, గుడిగంటలోని నాలుకవలె అది స్వేచ్ఛగా వ్రేలాడుచుండును. అట్టివానికి కబడ్డీ ఆడునప్పుడో, చలివేకువను నిద్రలోనో, ఒక్కొక్కప్పుడు ఏ కారణమును లేకయో త్రాడు తిరుగును. చేదబావి త్రాడు మెలిపడినచో విప్పుకొనవచ్చును. ఈ త్రాడు విప్పుటకు శస్త్రవైద్యుడు కావలెను.

ఇది పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల బాలురకు ఎక్కువ. పురిటిబిడ్డలకును రావచ్చును. ఇరువదియైదేండ్ల లోపు మగవారిలో నాలుగువేలమందికి ఏటికొక్కనికి వచ్చునని వైద్యులు లెక్కగట్టిరి. నాలుగువేలన్నచో రెండు మూడు ఊళ్ళ కుఱ్ఱకారు. కావున ఈ ప్రాంతమునకు కొత్తది కాదు, చెప్పుకొనకపోవుటచే కొత్తగా తోచుచున్నది. నొప్పి పుట్టిన ఆఱు గంటలలో త్రాడు విప్పినచో నూటికి తొంబదిమందికి పైగా అవయవము దక్కును. ఇరువదినాలుగు గంటలు గడచినచో పదిమందిలో ఒకనికి దక్కుటయు కష్టము.

ఆ యాఱు గంటలు పల్లెలో ఎట్లు గడచునో చూడుడు. కుఱ్ఱవాడు తెల్లవాఱుజామున నొప్పితో లేచును. అమ్మతో ఏమని చెప్పవలెను? కడుపునొప్పి యనును. అది పూర్తిగా అబద్ధమును కాదు. గర్భమునందు ఈ యవయవము మూత్రపిండముల చేరువను పుట్టి, పిమ్మట క్రిందికి దిగి వచ్చును. దాని నరములు ఇంకను పైనుండియే వచ్చుచుండుటచే నొప్పి పొత్తికడుపులో తోచును, వాంతియు నగును. నాయనమ్మ వాము నమలుమనును. ఒకరు గోలీసోడా తెత్తురు. దిష్టి తీయుటయు జరుగును. తొమ్మిది గంటలకు ఆర్.ఎం.పి. వైద్యుడు వచ్చి నొప్పికి సూదిమందు వేయును. పిల్లవాడు పంచె విప్పడు, ఆయన విప్పుమని అడుగడు. మధ్యాహ్నమునకు నొప్పి తగ్గును. ఇల్లంతయు సంతోషించును. చల్లారిన ఆ నొప్పికి అర్థము, ఒక్కొక్కప్పుడు, అవయవము చచ్చినదని. తగ్గిన నొప్పియెల్ల మానిన రోగము కాదు.

నొప్పి యనగా నేమో శాస్త్రజ్ఞులకు తెలియజెప్పుటలో ఈ సీమ పంటకును పాలున్నది. మిరపలోని కారపు పదార్థమును చేతబట్టుకొని, అది ఏ నరపు తలుపు తట్టి మంట పుట్టించునో డేవిడ్ జూలియస్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1997లో కనుగొనెను. నిప్పు సెగ తట్టు తలుపును అదియే. అందుకై 2021లో ఆయనకును, స్పర్శను గూర్చి పరిశోధించిన మఱియొకరికిని నోబెల్ బహుమతి వచ్చెను. గుంటూరు మిరపయార్డులో బస్తాలు మోయు కూలీకి ఈ తలుపు ఎప్పుడో తెలిసినదే. నొప్పి గ్రామ తలారివంటిది. వాడు కేక వేసినప్పుడు దొంగ యెక్కడనో వెదకవలెను గాని, వాని నోరు మూయించి నిద్రపోరాదు.

ఇక మత్తుమందుల మాట. బీజములకు హఠాత్తుగా నొప్పి వచ్చినప్పుడు త్రాడు మెలిపడుట, సూక్ష్మజీవులచే వాపు, గవదబిళ్ళల వెనుక వచ్చు వాపు, దిగిన ప్రేగు బిగిసిపోవుట, మూత్రపిండములో రాయి, దెబ్బ మున్నగునవి సామాన్య కారణములు. ఎండలో మిరపకాయ కోయుచు పొద్దుగూకువఱకు నీళ్ళు త్రాగని వారికి రాయి పుట్టుట వింత కాదు. అది జారునపుడు పుట్టు నొప్పి బీజము వఱకు ప్రాకును. మత్తుమందు ఈ వరుసలో చిట్టచివర నిలుచును. అరుదు. అయినను ఆ చివరిదాని మార్గము తెలిసికొనదగినది.

నాగార్జునసాగరము కుడికాలువ క్రింద చివరి భూములవారికి ఒక మాట చెప్పనక్కఱలేదు. పైన ఎక్కడ తూము బిగించినను మొదట ఎండునది చివరి మడి. వృషణమునకు రక్తము తెచ్చు నాళము మూత్రపిండముల యొద్దనే మహాధమని నుండి బయలుదేరి, సన్నని పిల్లకాలువవలె అంత దూరమును క్రిందికి దిగి రావలెను. కొకైను, మెథాంఫెటమైను అను మందులు శరీరమంతట రక్తనాళములను ముడుచుకొనజేయును. ఇరువదేండ్ల యువకులకును వీనివలన గుండెపోటు వచ్చుట వైద్యులెఱిగినదే. ఆ ముడుచుకొనుట ఈ పిల్లకాలువలో జరిగినను, అందు నెత్తురు గడ్డకట్టినను, అవయవమునకు త్రాడు మెలిపడినప్పటి గతియే పట్టవచ్చును. మఱియొక మార్గము నాళముల గోడలే వాచి చెడుట. 1970లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ వైద్యులు మత్తుమందులకు లోబడిన పదునలుగురికి అట్టి నాళవ్యాధి వచ్చినట్లు ప్రకటించిరి. వారిలో పెక్కురు మెథాంఫెటమైను వాడినవారు. ఆ జాతి నాళవ్యాధిని గుర్తించుటకు 1990లో అమెరికా వైద్యులు ఏర్పఱచిన లక్షణములలో వృషణముల నొప్పియు ఒకటి. మూడవది సూది. చేతి నరములు ఎండిపోయినవారు గజ్జలలో పొడుచుకొందురు. అచ్చట చీము పట్టినచో అది ఎటు ప్రాకునో చెప్పలేము.

కల్తీ సంగతి ఇంకను విచిత్రము. గొఱ్ఱెలకు నట్టల మందుగా పోయు లెవామిసోల్‌ను కొకైనులో కలిపి అమ్ముచున్నట్లు 2009 నాటికి అమెరికాలో బయటపడెను. పీల్చినవారికి చెవి తమ్మెలు నల్లబడి కుళ్ళినవి, నాళములు వాచినవి, రక్తములోని తెల్లకణములు పడిపోయినవి. వేలకు వేలు పోసి కొనినవాడు గొఱ్ఱెలమందు పీల్చుచున్నాడని వినినచో ఈ ఊరి గొఱ్ఱెలకాపరి నవ్వును. విదేశములకు చదువులకై పోవు పిల్లలు ఈ సీమనుండి ఎందఱో యుండుటచే ఈ మాట దూరపుమాటగా విడువరాదు.

పత్తి పండించు నేల గనుక ఒక ప్రాసంగికము. చైనాలో కొన్ని గ్రామములవారు ముడి పత్తిగింజల నూనె వంటకు వాడగా వారికి సంతానము కలుగలేదు. గింజలోని గాసిపాల్ అను పదార్థము దానికి కారణమని తెలిసి, 1970 దశకమున వేలమంది పురుషులకు సంతాననిరోధమునకై దానిని ఇచ్చి చూచిరి. కొందఱకు రక్తములో పొటాషియము తగ్గుటయు, కొందఱకు సంతానశక్తి మరల రాకపోవుటయు జూచి మానివేసిరి. బజారులో అమ్ము శుద్ధిచేసిన నూనెకు ఈ దోషము లేదు, భయము వలదు. నోట వేసికొనినది నొప్పి లేకయే అంత దూరము పోయి పనిచేయుననుటకు మాత్రము ఇది సాక్ష్యము.

ఈ జిల్లాల కుఱ్ఱకారు చేతికి కొకైను కన్న గంజాయి సులభముగా అందును. విశాఖ మన్యమునుండి దిగువకు పోవు త్రోవలు ఈ మైదానముమీదుగానే పోవును. 2021లో ప్రభుత్వము మన్యములో వేల ఎకరముల గంజాయి తోటలను కొట్టించెను, అయినను సరకు వచ్చుట నిలిచిపోలేదు. గంజాయి పీల్చినంతమాత్రమున బీజములకు నొప్పి వచ్చునని చెప్పుట సత్యము కాదు. లేని భయము చెప్పినచో కుఱ్ఱవాడు ఉన్న భయమును కూడ నమ్మడు. తెలిసినది వేరు. 2015లో ప్రకటింపబడిన డెన్మార్కు పరిశోధనలో 1215 మంది యువకులను పరీక్షింపగా, వారమునకు ఒకసారికి మించి గంజాయి పీల్చువారి వీర్యములో బీజకణముల సాంద్రత తక్కినవారికన్న నూటికి ఇరువదియెనిమిది వంతులు తక్కువగా కనబడినది.

అసలైన అపాయము మఱియొకచోట నున్నది. మత్తు నొప్పిని కప్పును. నల్లమందు జాతికి చెందిన ట్రమడాల్ మాత్రలు మ్రింగి పడుకొనినవానికి తలారి కేక సగమే వినబడును. ఆఱు గంటలు నిద్రలో పోవును. ఇది మొదటిది. రెండవది ఇంకను చెడ్డది. గంజాయివాడని ఊరిలో పేరుపడిన కుఱ్ఱవాడు ఒకనాడు నిజముగా నొప్పితో మెలికలు తిరుగుచున్నాడనుకొనుడు. తండ్రి "మత్తు దిగక నటించుచున్నాడు" అనును. సూదిమందు కొఱకు నాటకమాడుచున్నాడని ఇతరులు తలతురు. అట్టి నాటకములు ఆడువారు లేకపోలేదు, రాయి నొప్పియని చెప్పి మత్తు సూది వేయించుకొనువారు ప్రతి దేశమునను కలరు. కాని వానికిని అందఱకువలెనే త్రాడున్నది, అది అందఱకువలెనే మెలిపడును. మత్తుమందు వాడినవానికి నొప్పి వచ్చినను మొదట అనుమానింపవలసినది మెలికనే. అది లేదని తేలిన పిమ్మటనే అరుదైన కారణములను వెదకవలెను. దురలవాటును దండించుటకు రేపు కలదు, అవయవమునకు ఆఱు గంటలే కలవు.

మత్తు ఈ నేలకు నిన్న వచ్చినది కాదు. పొలము పోవు తల్లులు చంటిపిల్లలకు నల్లమందు రవ్వంత నాకించి నిద్రపుచ్చిన దినములున్నవి. అబ్కారీ దుకాణమున నల్లమందు చట్టబద్ధముగానే అమ్ముడుపోయెడిది. 1949లో ఢిల్లీలో జరిగిన సమావేశము పదేండ్లలో వైద్యమునకు దక్క తక్కిన వాడుకను నిలుపవలెనని నిశ్చయించెను. 1985లో మత్తుమందుల చట్టము వచ్చెను. ట్రమడాల్ 2018లో ఆ చట్టము క్రిందికి చేరినది. ఒక సరకు దొరకనపుడు మఱియొక సరకు వెదకుట మత్తునకు లోబడినవాని స్వభావము. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు అమ్మకమును బిగించినప్పుడు, అందు కలిసియుండిన నిద్రమాత్రలు అందక వందలమంది వణకుచు ఆసుపత్రుల పాలైరి. 2020 జూలై చివర, కరోనా కట్టడిలో మద్యపు దుకాణములు మూయబడియుండగా, ప్రకాశము జిల్లా కురిచేడులో చేతులు శుద్ధిచేసికొను శానిటైజరు త్రాగి పదిమందికి పైగా మరణించిరి. ఆ ఊరు ఇచ్చటికి పరాయి దేశము కాదు.

ఈ సభలో స్త్రీలు వినుట తగునా యని కొందఱకు సందేహము కలుగవచ్చును. కడుపునొప్పి యని కొడుకు మొదట చెప్పునది తల్లితోనే. మఱియు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరదీపము పాఠము చదివిన స్త్రీలే సారా దుకాణమును మూయించిరి. ఆ మరుసటి సంవత్సరమున రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది. పురుషులు ఎన్ని పుస్తకములు చదివి అంత పని చేసిరో చూపవలెను.

వైద్యునితో నిజము చెప్పుటకు పోలీసుల భయము అడ్డువచ్చును. ఏమి మ్రింగితివి, ఏమి పీల్చితివి, ఎన్ని గంటలకు అని వైద్యుడు అడుగుట మందు నిర్ణయించుకొనుటకు, మత్తుసూదికిని పూర్వపు మందునకును పడకపోయినచో శ్వాస నిలుచునను జాగ్రత్తకు. అతడు పంచనామా వ్రాయుటకు రాలేదు. చట్టము కూడ తలుపు పూర్తిగా మూయలేదు. 1985 నాటి చట్టములోని 64ఏ సెక్షను ప్రకారము, మత్తునకు బానిసయై వాడినందుకో, స్వల్ప పరిమాణము కలిగియున్నందుకో నేరము మోపబడినవాడు తనంతట ముందుకు వచ్చి ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్స పొందినచో శిక్షాభియోగమునుండి రక్షణ కలదు. చికిత్స నడుమ విడిచినచో ఆ రక్షణ పోవచ్చును. అమ్మువానికి ఇది వర్తింపదు. మత్తు మాన్పించు సలహాకు దేశమంతట 14446 అను టెలిఫోను సంఖ్య కలదు. సరకు అమ్మువారిని గూర్చి తెలుపుటకు రాష్ట్రములో 2024లో ఏర్పడిన ఈగల్ అను విభాగమునకు 1972 అను సంఖ్య కలదు.

నొప్పి వచ్చినవానిని ఏమి చేయవలెను? పిసుకరాదు, కాపడము పెట్టరాదు, కట్టు కట్టరాదు. అన్నము, నీరు ఇచ్చుట ఆపవలెను, ఏలయనగా మత్తిచ్చి శస్త్రచికిత్స చేయుటకు కడుపు ఖాళీగా నుండవలెను. ఆ గంట తెల్లవాఱక ముందైనను సరే, 108కి కబురు చేసి శస్త్రవైద్యుడున్న ఆసుపత్రికే పోవలెను. గుంటూరు పెద్దాసుపత్రికి అనుబంధముగా 1946 నుండి వైద్యకళాశాల యున్నది. ఒంగోలులోను ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. బయలుదేరునప్పుడు నొప్పి పుట్టిన గంటను చీటిమీద వ్రాసి వెంట పంపవలెను. వైద్యుడు మొదట అడుగునది దానినే.

అచ్చట లోతొడను తేలికగా గీరి చూతురు. ఆరోగ్యవంతునికి అప్పుడు బీజము పైకి కదలును, మెలిపడినవానికి సాధారణముగా కదలదు. డాప్లర్ అను ధ్వనిపరీక్షతో రక్తము పాఱుచున్నదో లేదో తెలియును. అనుమానము బలముగా నున్నచో ఆ పరీక్షకై కూడ కాచియుండక శస్త్రము చేయుదురు. తిత్తి తెఱచి, త్రాటిని విప్పి, వెచ్చని గుడ్డలో కొంతసేపు చుట్టి చూతురు. నలుపు విడిచి ఎఱుపు వచ్చినచో అతుకునకు కుట్టు వేయుదురు. రానిచో తీసివేయుదురు. రెండవ ప్రక్కను కూడ అదే పూట కుట్టుదురు, పుట్టుకలోని లోపము తఱచుగా రెండు ప్రక్కలను ఉండును గనుక. అది చూచి తల్లిదండ్రులు బాగున్నదానిని ఏల కోసిరని కోపపడుదురు. ఒక్కటి మాత్రము మిగిలిన బాలుడును పెద్దవాడై పెండ్లియాడి బిడ్డలను కనవచ్చును. ఆ సంగతి వైద్యుడు ముందుగా పిల్లవానితోనే చెప్పును, వాడు ఎవరిని అడుగలేక లోపల కుమిలిపోవుచున్న ప్రశ్న అదియే గనుక.